ఇచ్చిన గిఫ్ట్ అటకెక్కకుండా ఉండాలంటే ఏం చేయాలి?

తూనీగ
మా అక్క పుట్టినరోజు వచ్చే నెలలో. ప్రతి ఏడూ ఇదే టెన్షన్. వెతికి వెతికి ఏదో ఒకటి కొంటాను, తను తెరిచి "అబ్బ, భలే ఉందే" అంటుంది, ఫొటోలు దిగుతాం, ఆ తర్వాత ఆ వస్తువు మళ్ళీ కంటికి కనిపించదు. పోయినసారి ఇచ్చిన అలంకరణ దీపం ఇప్పటికీ అట్టపెట్టెలోంచి బయటికి రాలేదు. మా బావ ఎప్పుడో ఇచ్చిన మామూలు టార్చిలైటు మాత్రం తలగడ పక్కనే ఉంటుంది. ఇంటికి ఎవరొచ్చినా దాని కథ చెబుతుంది. డబ్బు పెట్టింది నేను, పేరు ఆయనకి! అసలు గుర్తుండిపోయే గిఫ్ట్ అంటే ఏంటండీ? "మనసు పెట్టి ఇవ్వాలి" లాంటి సలహాలు మాత్రం వద్దు. మనసు పెట్టే ఇస్తున్నా.

కందిరీగ
మీ బావగారికి కూడా ఇక్కడ అకౌంటు ఉందేమో కనుక్కోండి. ఆయన్నే అడిగేస్తే థ్రెడ్ ఇక్కడితో అయిపోతుంది.

పాతడైరీ
ముందు ఇది చెప్పండి తూనీగ గారూ. ఆ టార్చి కథేంటి? ఊరికే తెచ్చి ఇచ్చారా, దాని వెనక ఏమైనా ఉందా?

తూనీగ
పాప పుట్టిన కొత్తలో సంగతి. రాత్రిళ్ళు ఊరికూరికే లేవాల్సి వచ్చేది. పెద్ద లైటు వేస్తే పాప లేచిపోతుందని అక్క చీకట్లో గోడ తడుముకుంటూ వెళ్ళేది. ఒకసారి మంచం కోడుకి కాలి బొటనవేలు కొట్టుకుని గోరు నల్లబడింది. మర్నాడే బావ టార్చి తెచ్చాడు. వెలుగు కళ్ళల్లో పొడవకుండా అద్దం మీద పల్చటి పసుపు కాగితం అంటించి మరీ ఇచ్చాడు. ఆ కాగితం చిరిగినప్పుడల్లా అక్క అదే రంగుది వెతికి మళ్ళీ అంటిస్తుంది. పాప స్కూలుకి కూడా వెళ్తోంది ఇప్పుడు, ఇంకా ఆ కాగితం ఎందుకో!

పాతడైరీ
మీ ప్రశ్నకి జవాబు మీరే రాసేశారు. టార్చి ఎవరైనా కొంటారు. ఆ పసుపు కాగితం ఆ ఇంట్లో, ఆ చీకట్లో ఏం జరుగుతోందో చూసిన మనిషికే తడుతుంది.

మొండిఘటం
అంటే ఇప్పుడు మనవాళ్ళ కాలివేళ్ళు ఎప్పుడు కొట్టుకుంటాయా అని కాపు కాయాలా? ఇదంతా ఎందుకండీ. కవర్లో డబ్బు పెట్టి ఇచ్చేయండి. కావలసింది వాళ్ళే కొనుక్కుంటారు. అటకా నిండదు, మనకీ తలనొప్పి ఉండదు.

లెక్కలమాస్టారు
మొండిఘటం మాటకి అర్థశాస్త్రంలో గట్టి దన్నే ఉంది. జోయెల్ వాల్డ్‌ఫోగెల్ అనే ఆయన 1993లో కాలేజీ విద్యార్థుల్ని అడిగాడు: పండక్కి మీకొచ్చిన గిఫ్టుల ఖరీదు ఎంత ఉంటుందనుకుంటున్నారు, అవే మీరు కొనుక్కోవాల్సి వస్తే ఎంత పెడతారు అని. రెండో అంకె తక్కువొచ్చింది. చేతులు మారేసరికి గిఫ్టు విలువలో పదో వంతు నుంచి మూడో వంతు దాకా ఆవిరైపోతోందని లెక్క తేల్చాడు.

పాతడైరీ
మాస్టారూ, సగమే చెప్పి వదిలేశారు. ఇచ్చిన మనిషి మీద అభిమానాన్ని పక్కన పెట్టి విలువ కట్టమని ఆ ప్రశ్నలోనే ఉంది కదా. అసలు సరుకు బయటికి తీసేసి ఖాళీ గోనెసంచి కాటాలో పెడితే తక్కువ తూగక ఏం చేస్తుంది?

లెక్కలమాస్టారు
ఒప్పుకున్నా. వాల్డ్‌ఫోగెల్ వ్యాసం వచ్చిన పత్రికలోనే 1996లో మరో ఇద్దరు వేరే రకంగా అడిగితే గిఫ్టు విలువ దాని ఖరీదునే దాటిపోయింది. అడిగే తీరుని బట్టి అంకె అటూ ఇటూ అవుతుంది. కానీ తూనీగ గారు "డబ్బు పెట్టింది నేను" అన్నారు చూడండి, దాని మీద మాత్రం ఒకటి చెప్పాలి. ఫ్రాన్సిస్ ఫ్లిన్, గాబ్రియెల్ ఆడమ్స్ 2009లో ఇదే విషయం చూశారు. ఖరీదు పెరిగేకొద్దీ మెప్పు పెరుగుతుందని ఇచ్చేవాళ్ళు నమ్ముతున్నారు. పుచ్చుకున్నవాళ్ళ జవాబుల్లో మాత్రం ఖరీదుకీ మెప్పుకీ లంకె కనపడలేదు. బిల్లు ఇచ్చినవాళ్ళకే గుర్తుంటుంది.

కందిరీగ
మాస్టారు బీరువా తెరిచారు. ఇక కాగితాలు వస్తూనే ఉంటాయి, అందరూ సర్దుకుని కూర్చోండి.

ఆవలింత
నాకు పుట్టినరోజుకి బరువు తూచే మిషను వచ్చింది. ఇచ్చినాయన "నీ గురించి చాలా ఆలోచించి కొన్నాను" అన్నాడు. ఆలోచించాడని నాకూ అర్థమైంది.

కందిరీగ
@ఆవలింత మిషను మీద నిలబడ్డారా మరి?

ఆవలింత
మిషను మీద సూట్‌కేసు నిలబడింది. ప్రయాణాలకి భలే పనికొస్తోంది.

సగంచంద్రుడు
నవ్వులాట పక్కన పెడితే ఆవలింత చెప్పిందాంట్లో విషయం ఉంది. గమనించడం ఒక్కటే సరిపోదు. ఎదుటి మనిషిలో లోటు కనిపెట్టి దానికి విరుగుడు తెచ్చి చేతిలో పెడితే అది గిఫ్ట్ కాదు, సంస్కరణ. మా పెద్దమ్మ చెవులు కొంచెం మందగించాయి. ఒకాయన నలుగురిలో ఆవిడకి చెవి మిషను బ్రోచరు కానుకగా ఇచ్చాడు. అదే అవసరాన్ని ఇంకొకతను గమనించి, కాలింగ్ బెల్ కొడితే దీపం వెలిగేలా బిగించి వెళ్ళాడు. "ఈ బెల్లు నాకూ కావాలనిపించింది, ముందు మీ ఇంట్లో పెట్టి చూద్దామని" అన్నాడట. రెండోవాడు ఆవిడకి ఇప్పటికీ దేవుడే.

నిశాచరి
తలకి మించిన పని అంటగట్టే గిఫ్టులు కూడా వేయండి ఆ జాబితాలో. కుక్కపిల్ల, అక్వేరియం, రోజూ నీళ్ళు పోస్తేనే బతికే మొక్క. ఇచ్చినవాడు చప్పట్లు కొట్టించుకుని వెళ్ళిపోతాడు, పదేళ్ళ డ్యూటీ మనకి. ప్రాణమున్నదాన్ని సర్‌ప్రైజ్‌గా ఇవ్వడం మాత్రం ఎవరూ చేయకండి దయచేసి. ఇంట్లో అందర్నీ అడిగి, ఒప్పుకుంటేనే.

చేతిరాత
నాకు తోచింది రాస్తా. ఇచ్చేవాళ్ళం కొట్లో నిలబడి ఆలోచించేది ఒక్క క్షణం గురించే: కాగితం విప్పినప్పుడు వాళ్ళ మొహం ఎలా వెలుగుతుంది అని. పుచ్చుకునేవాళ్ళకి ఆ క్షణం అయిపోయాక అసలు కథ మొదలవుతుంది. దాన్ని ఎక్కడ పెట్టాలి, ఎలా తుడవాలి, ఛార్జర్ ఏది, పాడైతే ఎవరు బాగు చేస్తారు. అలంకరణ దీపం ఆ ఒక్క క్షణంలో గెలిచింది. టార్చి ఆ తర్వాత ప్రతి రాత్రీ గెలుస్తోంది.

లెక్కలమాస్టారు
@చేతిరాత గారూ, సరిగ్గా ఈ మాటే జెఫ్ గలాక్, జూలియన్ గివీ, ఎలనోర్ విలియమ్స్ 2016లో రాశారు. అంతకుముందు జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసి, ఇచ్చేవాళ్ళ దృష్టి చేతికిచ్చే క్షణం మీద, పుచ్చుకునేవాళ్ళ దృష్టి దాంతో గడపబోయే కాలం మీద ఉంటుందని తేల్చారు. ఇచ్చేవాళ్ళు మెరిసేదాన్ని ఎంచుకుంటే, పుచ్చుకునేవాళ్ళు వాడుకోవడానికి తేలికైనదాన్ని కోరుకుంటారట.

మొండిఘటం
నేనూ అదే అంటున్నా కదా మొదట్నుంచీ! వాడుకోవడానికి డబ్బు కంటే తేలికైనది ఏముంది?

పాతడైరీ
ఉంది. మీకు చిన్నప్పుడు ఎవరో కవర్లో పెట్టి ఇచ్చిన డబ్బు దేనికి ఖర్చయిందో గుర్తుందా?

మొండిఘటం
గుర్తుంది. స్కూలు ఫీజు కట్టడానికి మా మేనమామ ఇచ్చిన కవరు. ఆయన కవరు మీద నా పేరు పక్కన "ఇంజనీరు" అని రాశాడు. నేను అప్పటికి తొమ్మిదో తరగతి. ఆ కవరు ఇంకా నా సర్టిఫికెట్ల ఫైల్లో ఉంది. డబ్బు ఇవ్వడంలో మనసు లేదని అనేవాళ్ళకి చూపించడానికే దాచానేమో.

పాతడైరీ
సరే, ఈ రౌండు మీదే. అయితే మీరు దాచింది కవరు.

మొండిఘటం
డబ్బు దాస్తే ఫీజు ఎవరు కడతారండీ?

గాజుకళ్ళు
చాలా రోజుల తర్వాత ఇక్కడ రాస్తున్నా. మా నాన్న లెక్కల టీచరు, రిటైరయ్యాక చూపు బాగా తగ్గిపోయింది. ఆయనకి చదవడం ఇష్టమని అందరికీ తెలుసు, కాబట్టి పుస్తకాలు వస్తూనే ఉండేవి. ప్రతి పుస్తకాన్నీ చేత్తో తడిమి, వాసన చూసి, నాకిచ్చి బల్ల మీద పెట్టమనేవాడు. ఇష్టం తెలిసి, ఇప్పుడున్న పరిస్థితి తెలియకపోతే ఎంత నొప్పిగా ఉంటుందో అప్పుడు చూశాను.

ఒక పాత స్టూడెంటు వచ్చాడు. ఎప్పుడో స్కూల్లో నాన్న చెప్పిన పాఠాల నోట్సు అతని దగ్గర భద్రంగా ఉందట. అదంతా తనే చదివి రికార్డు చేసి, ఒక్క బటన్ నొక్కితే మొదలయ్యే చిన్న ప్లేయర్లో వేసి తెచ్చాడు. ఆ బటన్ మీద తడిమితే తెలిసేలా గుండీ ఒకటి జిగురుతో అంటించాడు. రికార్డింగులో వెనక ఫ్యాను చప్పుడు, ఎవరో తలుపు కొట్టడం, "ఒక్క నిమిషం సార్" అని అతను లేచి వెళ్ళడం, అన్నీ ఉన్నాయి. ఒకచోట ఒక గుర్తు తప్పు చదివాడు, ప్లస్ బదులు మైనస్. నాన్న ఆ చోటు రాగానే ప్రతిసారీ కుర్చీలోంచి ముందుకి వంగి "తప్పు! గుర్తు చూసుకో!" అని గట్టిగా అరుస్తాడు. ఆ ఒక్క చోటు కోసమే వింటాడేమో అని మా అనుమానం. అతను ఫోన్ చేసి సరిచేసి పంపుతానంటే నాన్న ఒప్పుకోలేదు.

తూనీగ
గాజుకళ్ళు గారూ, ఇది చదివాక కాసేపు ఏం టైపు చేయాలో తెలియలేదు.

ఆవలింత
ఆ తప్పు ఉంది చూశారా, అదే అసలు గిఫ్టు. ఆయనకి మళ్ళీ టీచరు ఉద్యోగం దొరికింది.

సగంచంద్రుడు
@గాజుకళ్ళు ఆ రికార్డింగు ఇంకోచోట కూడా కాపీ చేసి పెట్టుకోండి, వీలైతే ఇవాళే. చిన్న ప్లేయర్లు, మెమరీ కార్డులు చెప్పా పెట్టకుండా పోతాయి. కనీసం రెండు వేర్వేరు చోట్ల ఉండాలి.

గాజుకళ్ళు
చేశానండీ. ఒకటి కంప్యూటర్లో, ఒకటి చెల్లెలి దగ్గర.

నిశాచరి
అందరూ "గమనించాలి, గమనించాలి" అంటున్నారు. నోరు తెరిచి అడిగితే ఏమవుతుంది? నేనైతే ఏం కావాలో అడిగి అదే కొంటా. సర్‌ప్రైజ్ పేరుతో మనం ఆడుకునే ఆటకి వాళ్ళ బీరువా ఎందుకు నిండాలి?

చేతిరాత
అడిగితే "ఏమీ వద్దు, నువ్వొస్తే చాలు" అంటారు. అప్పుడేం చేస్తారు?

నిశాచరి
అలా కాదు అడగడం. "ఏం కావాలి" అని అడిగితే ఎవరైనా వద్దనే అంటారు. "ఈమధ్య ఇంట్లో నిన్ను విసిగిస్తున్న వస్తువేంటి?" అని అడిగి చూడండి. కారే కుళాయి నుంచి మొదలుపెట్టి పట్టు దొరకని తాళంచెవి దాకా అన్నీ చెబుతారు. మన పని సగం అయిపోతుంది.

లెక్కలమాస్టారు
నిశాచరి గారి వైపు ఇంకో సాక్ష్యం. మోర్గన్ వార్డ్, సుసాన్ బ్రోనియార్చిక్ 2016లో చూపించిందేంటంటే, "నాకివి కావాలి" అని జాబితా ఇచ్చినా దాన్ని పక్కన పెట్టేది దూరపువాళ్ళు కాదు, ప్రాణస్నేహితులే. మా మధ్య చనువు ఎంతో గిఫ్టులో కనపడాలని సొంతంగా ఏదో కొంటారు. పైగా వాళ్ళ మంచికే కొన్నామని గట్టిగా నమ్ముతారు.

కందిరీగ
మాస్టారూ, ఈ సైంటిస్టులు ఒకళ్ళకొకళ్ళు ఏం ఇచ్చుకుంటారో ఎవరైనా పరిశోధన చేశారా?

లెక్కలమాస్టారు
నా శ్రీమతికి ఏం ఇచ్చానో మాత్రం అడగొద్దు. ఆవిడ కూడా ఈ ఫోరం చదువుతుంది.

అటకమీదపెట్టె
నేను నిశాచరి గారితో ఏకీభవించను. అడిగితే దొరకనివి కొన్ని ఉంటాయి, ఎందుకంటే అవి ఉన్నాయని పుచ్చుకునేవాళ్ళకే తెలియదు. మావారు పోయాక ఏడాది తిరిగేసరికి పలకరింపులు ఆగిపోయాయి. అది సహజమే. అప్పుడు ఆయనతో పనిచేసినాయన ఒకరు పోస్టులో కవరు పంపారు. అందులో ఒక ఫొటో. ఆఫీసు వరండాలో ఈయన చొక్కా చేతులు మడుచుకుని, ఎవరిదో సైకిలు చైను ఎక్కిస్తున్నారు, వేళ్ళన్నీ నల్లగా ఉన్నాయి, నోరారా నవ్వుతున్నారు. నేనెప్పుడూ చూడని ఫొటో అది. వెనక పెన్సిలుతో "ఆ రోజు నా సైకిలే. చేతులు కడుక్కోకుండానే మీటింగుకి వచ్చేశాడు" అని రాసి ఉంది. ఆయన గురించి నాకు తెలియని రోజు ఒకటి ఇంకా మిగిలి ఉందన్నమాట. ఇలాంటిది కావాలని నేను ఎవర్ని అడగను, ఎలా అడగను?

నిశాచరి
నా మాట వెనక్కి తీసుకోను గానీ, దీని ముందు వాదించను కూడా.

చేతిరాత
అందరూ పలకరించే రోజుల్లో కాకుండా అందరూ మర్చిపోయాక వచ్చింది, అది కూడా చూడండి.

లెక్కలమాస్టారు
అటకమీదపెట్టె గారి అనుభవం తర్వాత కాగితం తీయడం మొహమాటంగానే ఉంది, అయినా పనికొచ్చేది కాబట్టి చెబుతా. గివీ, గలాక్ 2017లో ఇలాంటి ఫొటోల మీదే చూశారు. స్నేహితుడికి అభిమాన సంగీత కళాకారుడి ఫొటో ఫ్రేము కట్టించి ఇవ్వాలా, ఇద్దరూ కలిసి ఉన్న ఫొటో ఇవ్వాలా అంటే ఇచ్చేవాళ్ళు ఎక్కువగా కళాకారుడి వైపే మొగ్గారు, అది కచ్చితంగా నచ్చుతుందని. పుచ్చుకునేవాళ్ళు మాత్రం రెండోదే మేలనుకున్నారు. జ్ఞాపకంతో ముడిపడ్డది ఇవ్వాలంటే ఎక్కడ బెడిసికొడుతుందో అని మనమే జంకుతాం.

మొండిఘటం
జంకాలి కూడా. మా కజిన్ ఒకామె చేత్తో అల్లిన స్వెట్టరు ఇచ్చింది. ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి, మెడంతా దురద. ఆమె వచ్చిన ప్రతిసారీ వేసుకుని కూర్చోవాలి. చేత్తో చేస్తే ప్రేమ అని ఎవరు చెప్పారో గానీ, నాకు మాత్రం శిక్ష.

లెక్కలమాస్టారు
దానికి పేరుంది, ఐకియా ఎఫెక్ట్. 2012లో అచ్చయిన ప్రయోగంలో కాగితం మడిచి బొమ్మలు చేసినవాళ్ళు తమవాటికి నిపుణులు చేసినవాటితో దాదాపు సమానంగా విలువ కట్టారు. చూసేవాళ్ళకి అవి నలిగిన కాగితాల్లాగే కనిపించాయి. కష్టపడినవాళ్ళకే ఆ కష్టం కనిపిస్తుంది.

ఆవలింత
అంటే మొండిఘటం గారి స్వెట్టరు ప్రపంచంలో ఒక్కరికే అందంగా కనిపిస్తుంది. ఆ ఒక్కరూ చెయ్యి పొడుగు చూసి మురిసిపోతారు.

పాతడైరీ
చేత్తో చేయడం తప్పని కాదు. ఆ ఊలు దురద పుట్టిస్తుందేమో అని ముందు కొంచెం ముట్టించి చూస్తే సరిపోయేది. చేసే ఆనందం మనది, వేసుకునే ఒళ్ళు వాళ్ళది.

సగంచంద్రుడు
గిఫ్టు ఇంకొకరికి ఇచ్చేయడం గురించి ఎవరూ మాట్లాడట్లేదే? మొండిఘటం గారు ఆ స్వెట్టరు సరిపోయేవాళ్ళకి ఇచ్చేయొచ్చు కదా.

మొండిఘటం
రెండు చేతులు రెండు కొలతల్లో ఉన్న మనిషి దొరకాలి కదా!

లెక్కలమాస్టారు
2012లో ఆడమ్స్, ఫ్లిన్, మైఖేల్ నోర్టన్ దాన్నీ చూశారు. వచ్చిన గిఫ్టుని ఇంకొకరికి ఇస్తే మొదట ఇచ్చినవాళ్ళు చాలా బాధపడతారని మనం ఊహించుకున్నంత ఏమీ బాధపడరు. ఒకసారి ఇచ్చాక అది వాళ్ళ ఇష్టం అనుకుంటారు.

నిశాచరి
ఈ పరిశోధనల్లో చాలావాటికి జవాబులిచ్చింది అమెరికావాళ్ళు. మీరు మొదట చెప్పిన 1993దైతే ఒక్క యూనివర్సిటీ పిల్లలే. మా ఇంట్లో ఎవరైనా గిఫ్టు దాటించారని తెలిస్తే ఏళ్ళ తరబడి చెప్పుకుంటారు మాస్టారూ.

లెక్కలమాస్టారు
ఆ సంగతి మర్చిపోకూడదు, నిజమే. అంకెలు దారి చూపిస్తాయి, మీ ఇంటి గడప మాత్రం మీరే దాటాలి.

తూనీగ
ఇక్కడ చదివినవన్నీ చూసి నిశాచరి గారు చెప్పినట్టు అక్కకి ఫోన్ చేశా. "నిన్ను ఈమధ్య ఏం విసిగిస్తోంది" అంటే ముందు నా పేరే చెప్పింది. తర్వాత మాటల్లో రెండు పడ్డాయి. ఒకటి, అమ్మానాన్నల పాత ఫొటోలన్నీ ఒక జిగురు పేజీల ఆల్బమ్‌లో ఉన్నాయి, పైన ప్లాస్టిక్ షీటు ఉంటుందే, అది. పేజీలు పచ్చబడి ఫొటోలు ఊడి రావట్లేదట. రెండోది, తను బట్టలు కుడుతుంది, కత్తెర చెయ్యి నొప్పి పుట్టిస్తోందట. అక్కది ఎడమచేతి వాటం. ఇన్నేళ్ళూ నా కళ్ళెదురుగానే ఉన్నా కత్తెరకీ దానికీ సంబంధం ఉంటుందని నాకు తట్టలేదు. దేని మీద పడాలి?

కందిరీగ
బావగారిని ఓడించే టైమొచ్చింది.

అటకమీదపెట్టె
ఆల్బమ్ సంగతి నేను చెబుతా, మా ఇంట్లోదీ అలాగే పాడైంది. ఆ జిగురు కాలం గడిచేకొద్దీ ఫొటోని పట్టేసుకుంటుంది, మచ్చలు కూడా చేస్తుంది. గోరుతో లాగొద్దు. పళ్ళ సందులు శుభ్రం చేసుకునే సన్నటి దారం ఉంటుంది కదా, ఆ ఫ్లాస్ ముక్క ఫొటో వెనక దూర్చి, రంపం కోసినట్టు మెల్లగా అటూ ఇటూ జరిపితే చాలావరకు వస్తాయి. రానిదాన్ని బలవంతం చేయకుండా పేజీతో సహా స్కాన్ చేసేయండి. కొత్త ఆల్బమ్ కొనేటప్పుడు పీవీసీ కవర్లు వద్దు, పాలీప్రొపిలీన్ అయితే ఫొటోలకి హాని ఉండదు. పాత ఫొటోల వెనక పేర్లు రాయాలంటే మెత్తటి పెన్సిల్, గట్టిగా నొక్కకుండా. బాల్‌పెన్నుతో రాస్తే అచ్చు ముందువైపు తేలుతుంది.

పాతడైరీ
పేర్లు మాత్రం అమ్మానాన్నల్ని అడిగి రాయించండి. ఫొటోలో మూల నిలబడ్డ మనిషి ఎవరో చెప్పగలిగేవాళ్ళు వాళ్ళే. వాళ్ళు చెబుతుంటే ఫోన్లో రికార్డు పెట్టండి కూడా.

తూనీగ
అదంతా చేయాలంటే పుట్టినరోజు దాటిపోతుంది.

లెక్కలమాస్టారు
దాటనీయండి. 2024లో వచ్చిన పరిశోధనలో, గిఫ్టు ఆలస్యమైతే బంధం దెబ్బతింటుందని ఇచ్చేవాళ్ళు భయపడినంతగా పుచ్చుకునేవాళ్ళు పట్టించుకోలేదు. ఆ రోజు ఒక ఫోన్ చేసి "వస్తోంది, చేస్తున్నా" అనండి చాలు.

ఆవలింత
ప్యాకింగు ఎలా చేయాలి? నేను చుడితే కాగితం కంటే టేపు ఎక్కువ కనపడుతుంది.

లెక్కలమాస్టారు
మీకు మంచిదే. 2020లో వచ్చిన పరిశోధనలో, స్నేహితులు ఇచ్చింది నలిపేసినట్టు చుట్టి ఉంటే లోపలి గిఫ్టు ఎక్కువ నచ్చింది. పొందికగా చుడితే ఆశలు పెరిగిపోతాయి, లోపలున్నది వాటిని అందుకోలేదు. అంతగా పరిచయం లేనివాళ్ళకైతే మాత్రం శుభ్రంగా చుట్టడమే మేలట.

చేతిరాత
వస్తువుల గురించే ఎందుకు? అక్కని ఏదైనా కచేరీకో, తను ఎప్పట్నుంచో చూడాలనుకున్న చోటికో తీసుకెళ్ళొచ్చు. అలాంటివి బంధాన్ని దగ్గర చేస్తాయని చదివాను.

లెక్కలమాస్టారు
సిండీ చాన్, కాసీ మోగిల్నర్ పరిశోధన అది. విచిత్రం ఏంటంటే, ఇచ్చినవాళ్ళు పక్కన లేకుండా ఒక్కరే వెళ్ళొచ్చినా ఆ దగ్గరితనం పెరిగింది.

నిశాచరి
బాగానే ఉంది కానీ తేదీ లేని కూపను మాత్రం ఇవ్వకండి. "ఎప్పుడైనా వెళ్దాం" అన్నది కూడా అటకెక్కేదే. టికెట్టు తీసి, ఆ పూట పిల్లని ఎవరు చూసుకుంటారో కూడా తేల్చి ఇస్తే సరే.

సూదీదారం
ఇన్నాళ్ళూ ఊరికే చదువుతూ పోయేదాన్ని, ఎడమచేయి అనేసరికి ఆగలేకపోయాను. నాదీ ఎడమచేతి వాటమే, కుట్టుపని నా జీవనం. మామూలు కత్తెరని కుడిచేత్తో మూసినప్పుడు బొటనవేలు అవతలికి తోస్తుంది, మిగతా వేళ్ళు ఇవతలికి లాగుతాయి. ఆ ఒత్తిడికి రెండు బ్లేడులూ ఒకదానికొకటి గట్టిగా ఆనుకుంటాయి. అదే కత్తెర ఎడమచేత్తో పట్టుకుంటే ఆ ఒత్తిడే బ్లేడుల్ని విడదీస్తుంది. బట్ట తెగకుండా మధ్యలో మడతపడిపోతుంది. అది తెగాలని వేళ్ళతో ఎదురు ఒత్తుతాం, నొప్పి అక్కడే మొదలు. పైగా పై బ్లేడు సరిగ్గా గీత మీద అడ్డమొస్తుంది, తల వంచి తొంగి చూస్తూ కోయాలి. అక్క మెడ కూడా నొప్పి అంటోందా?

తూనీగ
అంటోంది! మిషను ముందు కూర్చుని కూర్చుని అనుకున్నాం అందరం.

సూదీదారం
మిషను కూడా కారణం కావచ్చు, కత్తెర ఒక్కదాని మీదే వేయకండి. కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. రెండు చేతులకీ పనికొస్తుందని అమ్మేవాటిలో చాలావరకు పిడి ఆకారమే మారుస్తారు, బ్లేడులు కుడిచేతివే. మొనలు అవతలికి పెట్టి చూడండి, ఎడమవైపు బ్లేడు పైన ఉంటేనే నిజమైన ఎడమచేతి కత్తెర.

మొండిఘటం
అయితే కత్తెర కొనేసి, ఆల్బమ్ తీరిగ్గా చేయండి. ఈసారి డబ్బు ఇవ్వమని అనను.

సూదీదారం
కొనేయకండి, ముందు ఒకసారి పట్టించి చూడండి. ఎన్నో ఏళ్ళు మామూలు కత్తెరతో అలవాటు పడిన చేయి, వేళ్ళతో ఎదురు ఒత్తడం నేర్చేసుకుంటుంది. అలాంటివాళ్ళు అసలైన ఎడమచేతి కత్తెర పట్టుకుంటే మొదట్లో గీత వంకర పోతుంది. కొందరికి కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది, కొందరు పాతదే మేలని వెనక్కి వెళ్ళిపోతారు. నా దగ్గర కుట్టు నేర్చుకున్న ఒకమ్మాయి అలాగే వెనక్కి వెళ్ళింది. ఎవరి దగ్గరైనా ఉంటే తెచ్చి అక్కతో పాత గుడ్డ కోయించండి. గీత గీసి ఇవ్వండి, ఊరికే కాదు.

తూనీగ
పట్టించి చూస్తే సర్‌ప్రైజ్ పోతుంది కదా?

నిశాచరి
పోనివ్వండి!

సూదీదారం
ఇంకో సంగతి. కుదిరి కొంటే బట్టల కత్తెరతో కాగితం కోయనివ్వకండి, పదును దెబ్బతింటుంది. పాప బొమ్మలు కత్తిరించుకోవడానికి విడిగా చిన్నది ఒకటి కొనండి, మొనలు గుండ్రంగా ఉన్నది. పాప ఏ చేత్తో రాస్తుందో కూడా చూసుకోండి మరి.

తూనీగ
ఇప్పుడే అక్కకి ఫోన్ చేసి అడిగా. పాప కూడా ఎడమచేయేనట.